లేసు అల్లిక కళ కాదన్నారు: ఈ గీత ఎవరు, ఎప్పుడు గీశారు?

లేసుపువ్వు_నరసాపురం
మా అమ్మమ్మకు 78 ఏళ్ళు. పదో ఏట క్రోషే సూది పట్టుకున్న మనిషి, ఇప్పటికీ మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి అరుగు మీద కూర్చుని అల్లుతూనే ఉంటుంది. ఆమె కుడి చూపుడు వేలి పక్కన సూది ఒరుసుకుని ఏర్పడిన గాడి ఒకటి ఉంది. చిన్నప్పుడు ఆ గాడిలో నా గోరు పెట్టి ఆడుకునేదాన్ని. గత నెల మా ప్రాంతంలో జరిగిన ఒక కళా ప్రదర్శనకు ఆమె అల్లిన బల్లగుడ్డను పంపాను. అది వ్యాపారి ఇచ్చిన నమూనా చూసి అల్లింది కాదు. అంతర్వేది దగ్గర ఆటు వేళ నీరు తీసినప్పుడు ఇసుక మీద మిగిలే చారలు ఒకదానిలో ఒకటి ఎలా కలిసిపోతాయో, అలాగే గళ్ళను మధ్యలో దట్టంగా, అంచులకు వచ్చేసరికి పలచగా వదులుతూ నాలుగు నెలలు అల్లింది.

మొదటి రోజు సాయంత్రం ఆమెను తీసుకుని వెళ్ళాను. చిత్రాలు పెట్టిన గదిలో అది లేదు. బయట వరండాలో, కొబ్బరిపీచు బొమ్మలూ అగరుబత్తీ పొట్లాలూ పెట్టిన బల్ల మీద, ధర చీటీ తగిలించి ఉంది. అడిగితే అక్కడున్న పెద్దమనిషి ఎంతో మర్యాదగానే చెప్పారు: "చాలా బాగుందమ్మా, కాని ఇది చేతిపని. లోపల ఉన్నవి కళాఖండాలు." అమ్మమ్మ మాత్రం "వరండాలో వెలుతురు బాగుంది, గళ్ళు బాగా కనిపిస్తున్నాయి" అని ఊరుకుంది. నేను ఊరుకోలేకపోతున్నాను. లోపల ఉన్న బొమ్మల్లో చేతితో చెయ్యనిది ఒక్కటీ లేదు కదా. చేతిపనికీ కళకూ మధ్య ఈ గీత ఎప్పటి నుంచి ఉంది? ఎవరు గీశారు?

కాలువ_లాకులు
నిర్వాహకుల పక్షాన ఒక మాట చెప్పాలి. వందల వస్తువులు వచ్చినప్పుడు ఎక్కడో ఒకచోట విభజించక తప్పదు. దరఖాస్తులో విభాగాలు ముందే రాసి ఉన్నాయా, లేదా అన్నది మొదట తేలాలి.

లేసుపువ్వు_నరసాపురం
రాసి లేవండి. "స్వహస్తాలతో రూపొందించిన కళాకృతులు" అని మాత్రమే ఉంది. ఆ "స్వహస్తాలతో" అన్న మాట చూసే పంపాను.

డ్రాయింగు_మాష్టారు
అమ్మా, 32 ఏళ్ళు బడిపిల్లలకు బొమ్మలు వేయడం నేర్పిన వాణ్ణి కనుక ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మీ అమ్మమ్మ గారి పనిని బల్ల మీదికి మార్చినవారు ఏ పురాతన సంప్రదాయాన్నీ పాటించలేదు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళలలో గీతం, వాద్యం, నృత్యం తరవాత నాలుగోది ఆలేఖ్యం, అంటే చిత్రలేఖనం. అదే వరసలో కిందికి వస్తే "సూచీవాన కర్మలు" కనిపిస్తాయి. సూదితో కుట్టడమూ అల్లడమూ నేయడమూ ఆ మాటలోనే పడతాయి. బియ్యంతో, పూలతో నేల మీద ముగ్గులు తీర్చడం కూడా అక్కడే ఉంది. కుంచెకు ఒక గది, సూదికి ఒక వరండా అన్న భేదం ఆ జాబితాలో లేదు.

విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రుడనే రాజు విగ్రహాలు చేయడం నేర్పమని మార్కండేయుణ్ణి అడుగుతాడు. చిత్రలేఖనం తెలియనిదే విగ్రహం తెలియదంటాడు ఋషి. చిత్రలేఖనానికి నృత్యం, నృత్యానికి వాద్యం, వాద్యానికి గీతం తెలిసి ఉండాలంటాడు. ఒక విద్య తలుపు తీస్తే ఇంకొకటి కనిపించే ఇల్లు అది, గదుల మధ్య గోడలు ఎత్తిన ఇల్లు కాదు.

యూరపులో కూడా మొదట ఇంతే. గ్రీకుల "తెఖ్నే", రోమనుల "ఆర్స్" అన్న మాటలు చెప్పులు కుట్టేవాడికీ, ఓడ కట్టేవాడికీ, వైద్యుడికీ, శిల్పికీ ఒకేలా వర్తించాయి. మధ్యయుగాలలో అక్కడ గౌరవం దక్కిన ఏడు విద్యలు వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, ఖగోళం, సంగీతం. చిత్రకారుడికి ఆ ఏడింటిలో చోటు లేదు. అంటే ఒకప్పుడు వరండాలో నిలబడినవాడు చిత్రకారుడే.

గౌతమి_గట్టు
మాష్టారి మాటతో సగమే ఏకీభవిస్తాను. 64 కళల జాబితాను సాక్ష్యంగా తెస్తే దానిని పూర్తిగా తేవాలి. అందులో జూదం ఉంది, పొట్టేళ్ళ పందేలూ కోళ్ళ పందేలూ ఉన్నాయి, చిలుకలకూ గోరువంకలకూ మాటలు నేర్పడం ఉంది. భీమవరం వైపు సంక్రాంతికి కోడికి కత్తి కట్టే మనిషి నేర్పరి అని నేనూ ఒప్పుకుంటాను, కాని ఈ తల్లి అడుగుతున్నది ఆ అర్థంలో కాదు. అక్కడ "కళ" అంటే నేర్చుకోదగిన నేర్పు. ఇప్పుడు మనం ఆ మాటను వేరే బరువుతో వాడుతున్నాము. పాత మాటకు కొత్త అర్థం అంటించి, చూశారా మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు అనడం న్యాయం కాదు.

కడియం_నారు
గౌతమి గారు చెప్పిన అదే జాబితాలో, కోడిపందేలకు సరిగ్గా ముందు, వృక్షాయుర్వేదం ఉంది. మా నాన్నగారు మామిడికి అంటు కట్టేటప్పుడు ఊపిరి బిగబట్టి కత్తి దించేవారు. కోత ఒక్క వాటు ఏటవాలు తప్పితే కొమ్మ అతకదు. నేర్పు అన్న మాటను చిన్నమాటగా అనకండి.

పూతరేకు
వంట కూడా 64లో ఉంది. బోర్లించిన కుండ మీద, కింద ఎండు ఆకుల మంట సమంగా ఉన్న ఆ ఒక్క క్షణంలో, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను లాగితే రేకు లేస్తుంది. ఆత్రేయపురంలో మా పిన్ని లాగిన రేకును దీపానికి అడ్డం పెడితే దీపం కనిపిస్తుంది. తిన్న తరవాత అది మిగలదు కనుక కళ కాదా?

గౌతమి_గట్టు
నేర్పును నేను చిన్నబుచ్చలేదండి, నారు గారూ. మాటల అర్థాలు కదులుతాయి, ఆ కదలికను దాచిపెట్టకూడదని మాత్రమే అన్నాను.

ముంగండ_వాసి
నిర్వచనాల గురించి మాట్లాడుకుంటూ మన డెల్టాలో పుట్టిన నిర్వచనాలను మరిచిపోవడం బాగుండదు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో, 11వ శతాబ్దంలో, నన్నయ తన కవిత్వం గురించి తానే చెప్పుకున్నాడు. సారమతులైన కవీంద్రులు "ప్రసన్నకథాకలితార్థయుక్తి"ని లోపలికి వెళ్ళి చూసి మెచ్చుకుంటారట, ఇతరులు "అక్షరరమ్యత"ను ఆదరిస్తారట. ఆ "ఇతరుల"ను ఆయన బయటికి పంపలేదు. లోపలి అర్థం అందనివారికి అక్షరాల సొంపు అందుతుంది, అది కూడా లెక్కలోకే వస్తుంది అన్నాడు. ప్రదర్శన గది తలుపు దగ్గర నిలబడవలసిన మాట అది.

తరవాత 600 ఏళ్ళకు మా ముంగండ వంశంలోని జగన్నాథ పండితరాయలు, షాజహాను కొలువు చూసినవాడు, రసగంగాధరంలో "రమణీయార్థ ప్రతిపాదకః శబ్దః కావ్యమ్" అన్నాడు. ఈ వాక్యం అందరికీ కంఠస్థమే. అయితే ఆ నిర్వచనం దాకా ఆయన ఎలా వచ్చాడో ఇక్కడ ముఖ్యం. అంతకు ముందు విశ్వనాథుడు "వాక్యం రసాత్మకం కావ్యమ్" అన్నాడు, అంటే రసం ఉంటేనే కావ్యం. జగన్నాథుడు దానికి అభ్యంతరం చెప్పాడు. మహాకవులు నీటి ప్రవాహాన్ని, దాని వేగాన్ని, అది పడటాన్ని, లేవడాన్ని, సుడి తిరగడాన్ని వర్ణించారు. కోతుల చేష్టలనూ పసిపిల్లల ఆటలనూ వర్ణించారు. రసం ఉంటేనే కావ్యమంటే ఇవన్నీ కావ్యం కాకుండా పోవాలి. కవులు ఎప్పటి నుంచో చేస్తూ వచ్చిన పనిని బయటికి నెట్టేసే నిర్వచనం నిలవదన్నది ఆయన వాదం. ఏటి సుడులను రోజూ చూసే ఊరి వంశంవాడు కనుకనే ఆ ఉదాహరణ తట్టిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, అది నా అభిమానం మాత్రమే కావచ్చు.

భామహుడు శబ్దార్థాల కలయిక అన్నాడు, వామనుడు రీతి ఆత్మ అన్నాడు, ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు. వెయ్యేళ్ళు ఒకరి నిర్వచనాన్ని మరొకరు సరిదిద్దుకుంటూ వచ్చారు. ఎవరూ "చేత్తో చేసింది కనుక తక్కువ" అనలేదు.

బండార్లంక_మగ్గం
అవన్నీ కావ్యం గురించి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడి గురించి ఏ ఆలంకారికుడు రాశాడు? వాసి గారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను.

ముంగండ_వాసి
మీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు, మగ్గం గారూ. ఐతరేయ బ్రాహ్మణంలో "ఆత్మసంస్కృతిర్వావ శిల్పాని" అని ఒక వాక్యం ఉంది, శిల్పాలు మనిషిని సంస్కరిస్తాయని. నేయడం ఎంత పాత పోలికో వేదం చదివినవారికి తెలుసు. అయినా నేసేవాడి కూలి గురించి శాస్త్రాలు మాట్లాడలేదన్న మీ మాట నిజం.

డ్రాయింగు_మాష్టారు
కూలి మాట వచ్చింది కనుక ఫ్లారెన్సు సంగతి చెప్పాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇది. ఆ నగరంలో వృత్తిసంఘంలో పేరు లేనిదే పని చేసుకోవడానికి వీలుండేది కాదు. చిత్రకారులకు సొంత సంఘం లేదు. వైద్యులూ మందులమ్మేవారూ ఉన్న సంఘంలో వారిని చేర్చారు. రంగులు దొరికేది మందుల దుకాణంలోనే. రాయి చెక్కేవారు మేస్త్రుల, వడ్రంగుల సంఘంలో ఉండేవారు.

1485లో గిర్లాందాయో అనే చిత్రకారుడు అక్కడి అనాథాశ్రమం కోసం ఒక చిత్రం వేయడానికి ఒప్పందం రాసుకున్నాడు. ఆ కాగితంలో వాడవలసిన నీలం రంగు ఔన్సు సుమారు నాలుగు ఫ్లోరిన్లు (అక్కడి బంగారు నాణేలు) ఖరీదు చేసేదై ఉండాలని ప్రత్యేకంగా రాశారు. లాపిస్ రాయిని నూరి తీసే నీలం అది. డబ్బు ఇచ్చేవాడికి మొదటి ధ్యాస సరుకు మీద: నీలం ఎంత, బంగారు రేకు ఎంత. చిత్రకారుడి చెయ్యి ఆ తరవాతి లెక్క. అయితే అప్పటికే యాభై ఏళ్ళ ముందు, 1435లో, ఆల్బెర్టీ చిత్రలేఖనం మీద రాసిన గ్రంథంలో దీనికి ఎదురుమాట చెప్పాడు: బంగారాన్ని అంటించడం కంటే మామూలు రంగులతో బంగారు మెరుపును చూపించడంలోనే చిత్రకారుడికి ఎక్కువ మెప్పు. సరుకు విలువ నుంచి చేతి విలువకు, చేతి నుంచి బుద్ధి విలువకు చూపు మెల్లగా జరిగింది. 1550లో వసారి చిత్రకారుల, శిల్పుల, వాస్తుకారుల జీవితాలను గ్రంథంగా తెచ్చాడు. 1563లో ఫ్లారెన్సులో చిత్రకారులకూ శిల్పులకూ సొంత అకాడమీ వచ్చింది. "మాది చేతిపని కాదు, బుద్ధితో చేసే పని" అని వాదించి, గెలిచి, వారు వరండాలో నుంచి గదిలోకి వెళ్ళారు. వెళ్ళి తలుపు వేసుకున్నారు, కుమ్మరీ నేతగాడూ కంసాలీ బయటే మిగిలారు.

లేసుపువ్వు_నరసాపురం
మాష్టారూ, ఆ నీలం సంగతి చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మాకు నూలు ఇచ్చే వ్యాపారి నూలు తూచి ఇస్తాడు, అల్లింది మళ్ళీ తూచి తీసుకుంటాడు, తూకం తగ్గితే కూలిలో విరగ్గోస్తాడు. చిన్నప్పుడు సూది తెచ్చివ్వడం నా పని, తెగిన పోగులను పారేయకుండా డబ్బాలో దాచడం కూడా నా పని. తూకం చూపించాలి కదా. అమ్మమ్మ ఎంత పలచగా అల్లిందో, ఎక్కడ గళ్ళు వదిలి గాలికి చోటిచ్చిందో ఆ కాటా చెప్పదు. గాలి ఎక్కువున్న లేసు తూకానికి తేలిపోతుంది.

బండార్లంక_మగ్గం
ఇదే నేను చెప్పదలిచినది, చెల్లెమ్మా. మీ బల్లగుడ్డను లోపల గోడకు వేలాడదీసినా కాటా మారదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు స్త్రీల మీద 1982లో గ్రంథం ప్రచురించింది. ఆ స్త్రీలు రోజుకు అన్ని గంటలు అల్లుతున్నా, దాన్ని ఇంట్లో తీరిక వేళ చేసుకునే పనిగా, వారిని కూలీలుగా కాక గృహిణులుగా చూడటం వల్లనే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె వాదించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. నాకు మాత్రం "ఇది కళా, కాదా" అన్న చర్చ కడుపు నిండినవారి చర్చగా అనిపిస్తుంది. ముందు "ఇది పనే" అని ఒప్పించాలి.

కొత్తపేట_ఉలి
మగ్గం అన్నయ్యతో విభేదిస్తున్నాను. పేరు మారితే డబ్బు లెక్క మారుతుందనడానికి కోర్టు తీర్పే ఉంది. 1926లో బ్రాంకూసి అనే శిల్పి చేసిన "శూన్యంలో పక్షి" అనే కంచు శిల్పం ఓడలో న్యూయార్కు చేరింది. రెక్కలు లేవు, ముక్కు లేదు, ఈకలు లేవు. పైకి లేచే ఒక సన్నని, నునుపైన రూపం. కళాఖండమైతే సుంకం లేదు. కస్టమ్స్ వారు దాన్ని వంటింటి సామానూ ఆసుపత్రి సామానూ ఉండే పద్దులో చేర్చి 40 శాతం సుంకం వేశారు. అంతకు ముందు ఒక తీర్పులో శిల్పమంటే ప్రకృతిలోని రూపాన్ని పోలి ఉండాలని చెప్పి ఉన్నారు కనుక, ఆ మాట పట్టుకున్నారు. కేసు నడిచి 1928లో న్యాయమూర్తులు తీర్పు చెప్పారు: కొత్త పద్ధతి కళ ఒకటి వచ్చింది, అది ఉన్న రూపాన్ని అనుకరించదు, ఒక భావాన్ని చూపుతుంది, మనకు నచ్చినా నచ్చకపోయినా దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. సుంకం ఎత్తేశారు.

మా ఊళ్ళో నాయకుల విగ్రహాలు చేసే షెడ్డులో నేను పని నేర్చుకున్నాను. పోలిక రాకపోతే కొనేవారు వెనక్కి పంపేస్తారు, మీసం ఒక నూలు పక్కకు పోయినా ఒప్పుకోరు. అందుకే ఈ తీర్పు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

తణుకు_స్టూడియో
పోలికే కళ అయితే 1839లో దగేర్ కెమెరా వచ్చిన రోజునే చిత్రకారుల కథ ముగిసి ఉండాలి. అలా జరగలేదు, పోలికను మాకు వదిలేసి వారు వేరే దారి వెతుక్కున్నారు. మా ఫోటోలను మాత్రం చాలాకాలం కళ అననివ్వలేదు. 1859లో బోద్లేర్ అనే ఫ్రెంచి కవి ఫోటోగ్రఫీ శాస్త్రాలకూ కళలకూ దాసిగా ఉండాలని రాశాడు. నలభై ఏళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీస్తున్నాను. తలంబ్రాల వేళ పెళ్ళికూతురు నవ్వు ఆపుకునే అర క్షణం కోసం ఎంతసేపు కాచుకుని ఉంటానో మీటను నొక్కే వేలికే తెలుసు.

కాలువ_లాకులు
సరే, ఉలి గారి కథ బాగుంది. అయితే 1917లో అదే న్యూయార్కులో దుషాఁ అనే కళాకారుడు మూత్రశాల తొట్టి ఒకటి కొని, దాని మీద "ఆర్. మట్" అని సంతకం పెట్టి "ఫౌంటెన్" అని పేరు పెట్టి ప్రదర్శనకు పంపాడు. రుసుము కట్టిన ఎవరి పనినైనా తీసుకుంటామన్న సంఘం కూడా దాన్ని ప్రదర్శించలేదు. ఇప్పుడు దాని నకళ్ళు పెద్ద పెద్ద మ్యూజియాలలో ఉన్నాయి. నాలుగు నెలలు అల్లిన లేసు వరండాలోనూ, దుకాణంలో కొన్న తొట్టి గదిలోనూ ఉండే లోకంలో నిర్వచనం అన్న మాటకు అర్థం మిగిలిందా? నాకు నిజంగానే అంతుబట్టడం లేదు.

గౌతమి_గట్టు
లాకులు గారు అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు వెతికినవారిని వరసగా చూద్దాము, కొంచెం వెనక నుంచి.

ప్లేటో తన "రిపబ్లిక్" పదో భాగంలో మంచం ఉదాహరణ చెబుతాడు. మంచమనే భావం మొదటిది, వడ్రంగి చేసిన మంచం రెండోది, చిత్రకారుడు వేసిన మంచం బొమ్మ మూడోది. సత్యానికి అన్నిటికంటే దూరంగా ఉన్నది బొమ్మ. గమనించండి, ఆయన ప్రదర్శన పెడితే వడ్రంగి గదిలోనూ చిత్రకారుడు వరండాలోనూ ఉంటారు. శిష్యుడు అరిస్టాటిల్ అనుకరణ మనిషికి పుట్టుకతో వచ్చిన గుణమని, దాని వల్లే నేర్చుకుంటాడని చెప్పి ఆ నింద తుడిచాడు.

లేసుపువ్వు గారు అడిగిన అసలు గీత తేదీ 1746 అని చెప్పవచ్చు. ఆ ఏడు ఫ్రాన్సులో బత్తో అనే పండితుడు సంగీతం, కవిత్వం, చిత్రం, శిల్పం, నృత్యాలను ఒక గుంపుగా చేర్చి, వీటి ప్రయోజనం ఆనందం, మిగిలిన పనుల ప్రయోజనం అవసరం అని విడదీశాడు. 1790లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ అందాన్ని చూసే చూపులో ఏ స్వార్థమూ ఏ అవసరమూ కలిసి ఉండకూడదన్నాడు. బల్లగుడ్డ బల్ల మీద వేసుకునేది, అవసరం ఉన్నది, కనుక బయటికి. మీ అమ్మమ్మ గారిని వరండాలోకి పంపినది ఆ పెద్దమనిషి కాదు, ఆయనకు తెలియకుండానే ఆయన నోట పలికిన ఆ 18వ శతాబ్దపు విభజన.

ఆ విభజన ఇక్కడికి వలసపాలనలోని చిత్రకళా పాఠశాలలతో వచ్చింది, స్వతంత్రం వచ్చాక కూడా వెళ్ళలేదు. 1952లో హస్తకళలకు ఒక మండలి పెట్టారు, 1954లో చిత్ర శిల్పాలకు లలిత కళా అకాడమీ పెట్టారు. రెండు తలుపులు, రెండు దరఖాస్తులు. "లలిత కళ" అన్న మాట మనదే. రఘువంశం ఎనిమిదో సర్గలో అజుడు చనిపోయిన ఇందుమతిని తలచుకుని "ప్రియశిష్యా లలితే కలావిధౌ" అని ఏడుస్తాడు. అంత సున్నితమైన మాటను తెచ్చి విదేశీ విభాగానికి పలకగా తగిలించారు.

ఇక తొట్టి సంగతి. 1956లో వైట్జ్ అనే తత్త్వవేత్త కళకు మూసిన నిర్వచనం ఇవ్వడమే పొరపాటన్నాడు. ఒక కుటుంబంలో ఒకరికి ముక్కు పోలిక, ఒకరికి నడక పోలిక ఉన్నట్టు పోలికలే తప్ప అందరిలోనూ ఉండే ఒకే లక్షణం లేదన్నాడు. 1964లో వార్హోల్ అనే అమెరికన్ కళాకారుడు సబ్బు పెట్టెలను పోలిన పెట్టెలు ప్రదర్శించినప్పుడు డాంటో అనే తత్త్వవేత్త ఇంకొక మాట అన్నాడు: దుకాణంలోని పెట్టెకూ దీనికీ కంటికి తేడా లేకపోయినా, దాని వెనక ఉన్న చరిత్ర, సిద్ధాంతం, కళాలోకం దాన్ని కళ చేస్తున్నాయని. నాకు డాంటో వాదన పూర్తిగా నచ్చదు. కళాలోకం తలుపు ఎవరి చేతిలో ఉందో వారే కళను నిర్ణయిస్తే, ఆ తలుపు నరసాపురం వైపు ఎన్నడూ తెరుచుకోదు.

ప్రభల_తోట
కనుమనాడు మా జగ్గన్నతోటకు రండి, గౌతమి గారూ. వెదురు వంచి, రంగు గుడ్డలు చుట్టి, నూలు దారాలతో అల్లి, వారాల తరబడి కట్టిన ప్రభను, దేవుణ్ణి ఊరేగించే ఆ ఎత్తైన కట్టును, గంగలకుర్రువారు భుజాల మీద మోసుకుంటూ కౌశిక ఏరు దాటుతారు. నీరు ఛాతీ దాకా వస్తుంది, ప్రభ మాత్రం ఒరగదు. గట్టు మీద వేల మంది ఊపిరి బిగబట్టి చూస్తారు. మర్నాటికి ఆ కట్టు విప్పేస్తారు. మ్యూజియం లేదు, సంతకం లేదు, కొనేవాడు లేడు. అవసరం లేని ఆనందమే కళ అన్న మీ కాంట్ గారు దీన్ని ఏ గదిలో పెడతారు? ఇది దేవుడి పని కనుక అవసరమా, చూసేవారికి పండుగ కనుక ఆనందమా? మాకు రెండింటినీ విడదీయడం రాదు.

గౌతమి_గట్టు
తోట గారూ, కాంట్ నా మనిషి కాదు, చరిత్ర చెప్పాను అంతే. మీ ప్రశ్నకు జవాబు లేదు కనుకనే అది గట్టి ప్రశ్న.

పూతరేకు
విప్పేసే ప్రభ, తినేసే రేకు. నాకు తోడు దొరికింది.

డ్రాయింగు_మాష్టారు
మాట చరిత్ర గురించి ఒకటి చేర్చాలి. తెలుగులో "కళ" అన్నది ముందు చంద్రుడిది, పదహారు కళలు. తరవాత ముఖానిది: పెళ్ళికళ వచ్చిందంటాము, ఇల్లు కళకళలాడుతోందంటాము, మనిషి జబ్బుపడితే కళ తప్పిందంటాము. వెలుగుకూ నేర్పుకూ ఒకే మాట వాడుకున్న భాష మనది. ఒక పనిలో కళ ఉందా లేదా అని మా అమ్మ ముగ్గు చూసి కూడా చెప్పేది, అకాడమీ అక్కర్లేకుండా.

రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాలకు మా పిల్లలను తీసుకువెళ్ళేవాణ్ణి. ఆయన 1897లో పుట్టి, 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. బొంబాయిలో చదివి పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని వచ్చి, గోదావరి ఒడ్డునూ ఇక్కడి స్త్రీలనూ వేశారు. ఒకసారి ఒక పిల్ల ఆ బొమ్మల్లోని చీర అంచుల దగ్గర ఆగిపోయి, "ఇది నేసినవాళ్ళ పేరు ఎక్కడ రాశారు మాష్టారూ" అని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లది బండార్లంకే, మగ్గం గారూ.

బండార్లంక_మగ్గం
మాష్టారూ, ఆ మాటతో నన్ను కదిలించారు. కూలి గురించి నేనన్నది వెనక్కి తీసుకోను. ఉలి తమ్ముడు చెప్పిన తీర్పు చదివాక మాత్రం పేరు కోసం పోట్లాడటం దండగ అనను. మా సంఘంలో చీర అంచున నేసినవారి పేరు వేయించే మాట ఎత్తుతాను.

కాలువ_లాకులు
లేసుపువ్వు గారూ, నిర్వాహకులకు రాయండి. "స్వహస్తాలతో" అని వారే రాసినప్పుడు విభాగం మార్చే ముందు మిమ్మల్ని అడగవలసింది. మొదట వారి పక్షాన మాట్లాడిన వాణ్ణి, ఇప్పుడు మీ ఉత్తరం మీద నా సంతకం కూడా పెడతాను.

లేసుపువ్వు_నరసాపురం
రాశానండి. వచ్చే ఏడాది దరఖాస్తులో "అల్లిక, నేత" అని చేర్చి, చిత్రాల గదిలోనే ఒక గోడ ఇస్తామని జవాబు వచ్చింది. ధర చీటీ పక్కన చేసినవారి పేరు రాయమని కూడా అడిగాను, ఆలోచిస్తామన్నారు.

మీ అందరి మాటలూ రాత్రి అమ్మమ్మకు చదివి వినిపించాను. నీలం రంగు తూకం దగ్గర "అక్కడా కాటాయేనా" అంది. ఫోనులో బ్రాంకూసి పక్షి బొమ్మ చూపిస్తే అద్దాలు సవరించుకుని, చాలాసేపు దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, "దీన్ని ఇంత నునుపుగా తోమినది ఎవరు?" అని అడిగింది. ఉలి గారూ, నాకు తెలియలేదు. మీకు తెలుసా?

కొత్తపేట_ఉలి
ఆయనే, అక్కా. పోత పోయించిన తరవాత ఆకురాయితోనూ సన్నని గరుకుపొడితోనూ తానే తన చేతులతో మెరుగు పెట్టానని ఆ కేసులో ఇచ్చిన వాంగ్మూలంలో చెప్పాడు.

లేసుపువ్వు_నరసాపురం
చెప్పాను. "అయితే వేళ్ళు కాసి ఉంటాయి" అని, తన వేలి గాడిని బొటనవేలితో ఒకసారి తడుముకుని, సూది తీసుకుంది.